లావు తీగను పట్టే ట్యూనర్

జూన్ 11, బుధవారం

వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వాళ్లు గిటారు తీసుకెళ్తారట. ఆయన సరేనన్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. భోజనం చేస్తూ చేస్తూ "మధ్యాహ్నం ఫోన్ చేశారు, సరేనన్నాను" అని చెప్పి, నీళ్లు తాగి లేచిపోయారు. లిఫ్టు బాగుచేయడానికి ఎవరింటికో వెళ్లినప్పుడు మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడుతున్నారు ఈ మధ్య.

అడిగింది మా అబ్బాయి బ్యాండు వాళ్లే. మంచిపిల్లలే. ఆ ఒక్కరోజు ప్రాక్టీసులో వాడి బేస్ గిటారుతో పాటలన్నీ వాయించుకుని తెచ్చి ఇచ్చేస్తారట. వాడి బదులు కొత్తగా చేరినతను వాయిస్తాడట.

వాయించనీ. కానీ వాయించే ముందు గిటారు తల దగ్గరి మరలు తిప్పుతారు. శ్రుతి చూసుకోవాలి కదా. తిప్పకుండా ఎవరూ మొదలుపెట్టరు, నాకు తెలుసు, ఇన్నేళ్లు చూశాను.

ఆ మరలు ఆఖరున తిప్పింది వాడు. ఆ రోజు షో ముందు. షో అయ్యాక గిటారు వ్యానులో వచ్చింది. వాడు బండి మీద వస్తానన్నాడు.

అందుకే తుడిచేటప్పుడు నేను కూడా ఆ మరల జోలికి పోను. గుడ్డ అక్కడిదాకా వెళ్లి ఆగిపోతుంది. వాడి వేళ్లు ఎక్కడ ఆపాయో అక్కడే ఉన్నాయి ఆ మరలు. అలాగే ఉండాలి.

శ్రుతి సరిగ్గా ఉందని నేనే ముందు చూపించేస్తే? "ఇదిగో చూడండి, అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంక మరలు ముట్టుకోకండి" అని ఇస్తే? దానికి ట్యూనరు కావాలి. వాడి ట్యూనరు చిన్న క్లిప్పులా ఉండేది, ఎప్పుడూ చొక్కా జేబుకి వేలాడేది. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన సంచిలో లేదు. సంచి బోర్లించి, అతుకుల్లో కూడా చెయ్యి పెట్టి చూశాను.

కొంటాను.

జూన్ 12, గురువారం

పని మధ్యలో లేచి వెళ్లాను. మా కుట్టు దుకాణంలో గుండీలు కుట్టే ఆమె ఉంది, అందరం గుండీలక్క అంటాం. "ఎక్కడికే, ఆ ప్యాంటు కాళ్లు నేను కత్తిరించనా?" అంది. "నువ్వు కత్తిరిస్తే అది నిక్కరవుతుంది, ముట్టుకోకు" అన్నాను. చాలా రోజులకి నా నోట్లోంచి అలాంటి మాట వచ్చిందని సంతోషపడింది పాపం. ఎక్కడికని మళ్లీ అడగలేదు.

సంగీతం సామాన్ల దుకాణంలో అద్దాల బీరువా నిండా ట్యూనర్లే. ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు. దుకాణం ఆయనకి ఛాతీ దాకా గడ్డం.

"ఏ వాయిద్యానికమ్మా?"

"బేస్ గిటారుకి."

"మీరు వాయిస్తారా?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

"మా అబ్బాయి వాయిస్తాడు" అన్నాను.

వాయిస్తాడు అన్నాను. తప్పేముంది. బయటివాళ్లకి అన్నీ ఎందుకు.

ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. కాలితో తొక్కేది ఒకటి, ఇనుప బిళ్లలా బరువుగా ఉంది. అది నాకొద్దన్నాను, వాడి గిటారుకి సంబంధించిన దాన్ని కాలితో ఎలా తొక్కుతాను. వైరు గుచ్చేది ఒకటి. తలకి తగిలించే క్లిప్పులు చాలా. బేస్‌కి అన్నీ పనికిరావట. "లావు తీగ మరీ మెల్లగా వణుకుతుందమ్మా. చవక రకాలు దాన్ని పట్టుకోలేవు. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది" అన్నాడు. నాకు వాడి క్లిప్పు లాంటిదే కావాలి. నల్లగా ఉండేది అన్నాను. అన్నీ నల్లగానే ఉన్నాయి.

ఒకటి తీసుకున్నాను. నచ్చకపోతే మార్చుకోమన్నాడు. ఒక కాగితం మీద నాలుగు తీగలకీ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసిచ్చాడు. లావు తీగ నుంచి వరసగా ఈ, ఏ, డీ, జీ. ఆ అక్షరం వచ్చి పచ్చ దీపం వెలిగితే సరైనట్టు.

జూన్ 13, శుక్రవారం

లావు తీగను పట్టుకోలేదు. ఒక్క అక్షరం మీద నిలబడదు, మిడతలా గెంతుతుంది. చవకది ఎందుకు తీసుకున్నాను. వాడి దానికి కూడా చవకదే తేవాలా.

జూన్ 14, శనివారం

మార్చాను. వైరుది తెచ్చాను. దీపం వెలిగింది కానీ గిటారుకి ఆ బొక్కలో వైరు గుచ్చి ఉండటం చూడలేకపోయాను. ఆస్పత్రిలో వాడికి అన్నీ గుచ్చే ఉన్నాయి. తీసేశాను. ఏ అక్షరం చూపించిందో కూడా చూడలేదు.

ఫోనులో ఊరికే వస్తుంది కదా అని గుండీలక్క కూతురు నా ఫోనులో పెట్టిచ్చింది. అది అన్నీ వింటుంది. కుళాయి, పక్కింటి టీవీ, వీధిలో బండి హారను. తీగ మీటి ఏమొచ్చిందా అని వంగి చూస్తుంటే ముక్కు ఎగపీల్చాను. దానికీ ఒక అక్షరం చూపించింది. తీసేయమన్నాను.

సాయంత్రం మళ్లీ దుకాణానికి వెళ్లాను. గడ్డం ఆయన విసుక్కోలేదు. "మీ అబ్బాయిని ఒకసారి తీసుకురండమ్మా, తనకి ఏది నప్పుతుందో తనే చూసుకుంటాడు" అన్నాడు.

"పనిలో ఉన్నాడు. తీరిక లేదు."

అద్దం వెనక నుంచి ఇంకోటి తీశాడు. క్లిప్పే, కాస్త పెద్దది. ముఖం వెడల్పుగా ఉంది, నా కంటికి కూడా అక్షరం బాగా కనిపిస్తుంది. దీనికి చెవి లేదట. చుట్టూ ఎంత గోల ఉన్నా పట్టించుకోదట. దేనికి తగిలిస్తే దాని వణుకే దానికి తెలుస్తుంది. చప్పుడు వినదు, ఒంటితో పట్టుకుంటుంది.

ఇదే. ఇంక వేరేది చూడను.

జూన్ 15, ఆదివారం

గిటారుకి ఇంకా తగిలించలేదు. ముందు దీని సంగతి తెలుసుకుందామని ఇంట్లో అన్నిటికీ తగిలించి చూశాను. ఫ్రిజ్ తలుపుకి తగిలిస్తే ఒక అక్షరం నిలకడగా వచ్చింది. కిటికీ ఊచకి తగిలిస్తే బస్సు వెళ్లినప్పుడు మాత్రం వచ్చింది. కుట్టు మిషను బల్లకి తగిలించి తొక్కాను, మెల్లగా తొక్కితే ఒకటి, జోరుగా తొక్కితే ఒకటి. నవ్వొచ్చింది. వాడుంటే నన్ను చూసి పడి పడి నవ్వేవాడు. "అమ్మా, మన ఇంట్లో శ్రుతి లేనిది నాన్న ఒక్కడే" అనేవాడు.

భోజనాలయ్యాక ఆయన గోడ వైపు తిరిగి, ముఖం మీద తువ్వాలు వేసుకుని పడుకున్నారు. ఊరికే మంచం ఊచకి తగిలించాను. అక్షరం వచ్చి పోతోంది, వచ్చి పోతోంది. ఫ్యాను వల్ల కాబోలనుకుని ఫ్యాను కట్టేశాను. అయినా వస్తోంది. ఆయన భుజం చూశాను. ఎగిరెగిరి పడుతోంది.

మెల్లగా తీసేసి ఇవతలికి వచ్చేశాను.

జూన్ 16, సోమవారం

ఈ రోజు గిటారుకి తగిలించాను.

లావు తీగ మీటాను. పచ్చ వెలిగింది. కానీ అక్షరం ఈ కాదు. డీ. దాని పక్కన కిటికీ ఊచలు అడ్డంగా నిలువుగా వేసినట్టు ఒక గుర్తు. రెండో తీగకి జీ, పక్కన అదే గుర్తు. మూడో దానికి సీ, నాలుగో దానికి ఎఫ్. అన్నిటికీ ఆ ఊచల గుర్తే. కాగితం మీద ఉన్న అక్షరం ఒక్కటీ లేదు.

నాలుగూ కూడబలుక్కున్నట్టు ఒకేలా దిగిపోయాయి.

ఇన్నాళ్లు ఎవరూ ముట్టుకోలేదు. వానలు మొదలయ్యాయి, చెక్క ఉబ్బుతుంది, తీగ సాగుతుంది. నేనేం చేశాను? రోజూ తుడిచాను. తుడిస్తే సరిపోతుందా. బిడ్డ వదిలి వెళ్లినదాన్ని కూడా సరిగ్గా చూసుకోలేకపోయాను.

ఇలాగే ఇస్తే వాళ్లేమనుకుంటారు. ఆ కొత్తతను "అయ్యో వదులైపోయాయే" అని నాలుగు మరలూ పట్టుకుని తిప్పేస్తాడు.

ఎవరో తిప్పేకంటే నేను తిప్పితే నయం. నేను అమ్మని.

లావు తీగ మర కొంచెం తిప్పాను. పచ్చ పోయి ఎర్ర వచ్చింది. ఇంకొంచెం. ఊచల గుర్తు పోయింది. ఈ వచ్చింది. పచ్చ. మిషను మీద దారం బిగువు చూసుకోవడం నా పనే కదా, చెయ్యి అలవాటైపోయింది. నాలుగూ అయిపోయాయి. ఈ, ఏ, డీ, జీ. నాలుగూ పచ్చ.

వాడు ఎలా ఉంచేవాడో అలా పెట్టాను. ఈ రోజు కడుపునిండా తిన్నాను.

జూన్ 17, మంగళవారం

ఆ శబ్దం కాదు.

పొద్దున లేవగానే మీటాను. ఆ శబ్దం కాదు. ఏదో బిర్రుగా ఉంది, ఇరుకు చొక్కా వేసుకున్న మనిషిలా. వాడు తన గదిలో వాయిస్తే గోడ ఇవతల వంటింట్లో గిన్నెలు వణికేవి. ఇది ఆ శబ్దానికి అన్నగారిలా ఉంది కానీ అది కాదు.

ట్యూనరు తప్పు చెప్తోంది. దుకాణానికి పరిగెత్తాను.

"మీ మిషను అబద్ధం చెప్తోంది. నాలుగూ పచ్చ వెలిగాయి, కానీ మా అబ్బాయి శబ్దం రాలేదు."

గడ్డం ఆయన గోడకున్న గిటారు తీసి, దానికి తగిలించి చూశాడు. ఇంకో ట్యూనరు పక్కన పెట్టి చూశాడు. "ఇది సరిగ్గానే ఉందమ్మా."

"సరిగ్గా ఉంటే మరి వాడి శబ్దం ఏది?" అరిచాను. అందరూ తిరిగి చూశారు. ఒకామె బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, అబ్బాయినే ఒక్క ఫోన్..." అన్నాడు ఆయన. నా ముఖం చూసి మిగతాది అనలేదు. బల్ల ఇవతలికి వచ్చి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. ట్యూనరు లాక్కుని వచ్చేశాను.

జూన్ 18, బుధవారం

ఒక ప్యాంటుకి రెండు కాళ్లూ కలిపి కుట్టేశాను. గుండీలక్క విప్పిపెట్టింది.

జూన్ 19, గురువారం

వాళ్ల బ్యాండులో పాడే పిల్ల వచ్చింది. ఆదివారం గిటారు ఎప్పుడు తీసుకెళ్లాలో కనుక్కుందామని వచ్చానంది. ఫోన్ చేస్తే సరిపోయేది కదా. వచ్చింది, కూర్చుంది, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగకుండా తిప్పుతోంది.

"ఆంటీ, ఒక్కసారి చూడనా?"

వాడి గదిలోకి తీసుకెళ్లాను. అందరూ వాడిని స్తంభం అని పిలిచేవాళ్లట, స్టేజీ మీద కదలకుండా నిలబడతాడని. ఆ మాట చెప్పి నవ్వబోయి, లావు తీగ మెల్లగా మీటింది. ముఖం పాలిపోయింది. మిగతా మూడూ మీటింది.

"ఇది... ఎవరైనా వాయించారా ఆంటీ?"

"లేదమ్మా. దిగిపోయి ఉంటే నేనే సరిచేశాను. అన్నీ పచ్చ వచ్చేదాకా తిప్పాను. బాగా లేదా?"

మంచం మీద కూలబడింది.

"దిగిపోలేదు ఆంటీ. తనే దించాడు."

నాకు అర్థం కాలేదు.

"నా గొంతుకి ఆపరేషన్ అయింది కదా పోయినేడు. అప్పట్నుంచి నాకు పై స్వరం అందట్లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే తీసేస్తారేమోనని భయం. తను కనిపెట్టాడు. 'బేస్ అర మెట్టు కిందకి దించితే మందంగా బాగుంటుంది, అందరం దించుదాం' అని వాళ్లతో గొడవపడ్డాడు. నీ మందం పాడుగాను అని ఎంత ఏడిపించారో. అయినా అందరిచేతా దింపించాడు. నా పేరు ఎత్తలేదు. అన్ని పాటలూ దించేశాం. ఆ రోజు షో కూడా అలాగే పాడాను."

ఊచల గుర్తు.

నాలుగు తీగలకీ ఒకే గుర్తు. నాలుగూ పచ్చగా. అది వాడు పెట్టింది. వాడు ఒక్కొక్కటీ చూసుకుని, ఆపి, అక్కడ వదిలి వెళ్లింది. అన్నాళ్లు కదలకుండా నాకోసం ఉంది. నేను నా చేతులతో చెరిపేశాను. కాగితం చూసి చెరిపేశాను. ఆ పిల్ల ఏదో అంటోంది, నాకు వినపడట్లేదు.

"ఆంటీ, మళ్లీ దించొచ్చు. నిమిషం పని."

"వాడు పెట్టింది పోయింది కదమ్మా. నేను తిప్పితే వాడు పెట్టినట్టు ఎలా అవుతుంది?"

"తను పెట్టింది ఎప్పుడూ నిలవదు ఆంటీ. షోలో లైట్ల వేడికే కదిలిపోయేది. రెండు పాటలకోసారి వెనక్కి తిరిగి మళ్లీ చూసుకునేవాడు. మేం నీళ్లు తాగేలోపు అయిపోయేది."

ఓదార్చడానికే చెప్పింది. నాకు మాత్రం ఆ పిల్లని లాగి ఒక్కటి కొట్టాలనిపించింది. నిలవదట.

వెళ్లేముందు గడప దగ్గర ఆగింది. "కొత్తతనికి ఈ సంగతి తెలీదు. పైనే వాయిస్తాడు. నాకు అందట్లేదు, గొంతు చీరుకుపోతోంది. అందుకే తన గిటారు అడగమన్నాను ఆంటీ, అది తెస్తే అందరూ మళ్లీ దించుతారని. నేనే అడగమన్నాను. క్షమించండి."

జూన్ 20, శుక్రవారం

ఆయనకి చెప్పాను. వాడు ఎందుకు దించాడో, నేనేం చేశానో. చాలాసేపు బూట్ల లేసు విప్పుతూ కూర్చున్నారు.

"లిఫ్టు తాళ్లు కూడా అంతే. ఒకసారి బిగించి వచ్చేస్తే అయిపోదు. సాగుతూనే ఉంటాయి. మళ్లీ మళ్లీ వెళ్లి చూడాల్సిందే."

"వాడి గిటారూ మీ లిఫ్టూ ఒకటేనా?" అని అరిచాను. "మీకు నా బిడ్డ ఏమైనా లిఫ్టా?"

"నా బిడ్డ కాదా?" అన్నారు.

అంతే. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి విని ఎన్నాళ్లయింది.

మరలు ముట్టుకోలేదు. ఈ చేతులతో ఇంకోసారి ముట్టుకోను.

ఆ పిల్ల గొంతు ఏమైతే నాకేం. నా బిడ్డ కాదుగా.

జూన్ 21, శనివారం

ఆ పిల్ల గొంతు ఏమైతే నాకేం అని నిన్న రాశాను. కొట్టేయను. రాసింది రాసిందే.

రోజంతా కుట్లు వేస్తూ అదే ఆలోచన. రేపు ఆ కొత్తతను పచ్చ చూసుకుంటాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకుంటాడు. నేను కోరుకున్నట్టే మరలు ఎవరూ ముట్టుకోరు. అందరూ వాళ్ల వాళ్ల గిటార్లు దానికి తగ్గట్టు పెట్టుకుంటారు. ఆ పిల్ల పాడుతుంది, అందదు, వాడి గిటారే దాని గొంతు చీరేస్తుంది. వాడు అంతమందితో తిట్లు తిని దాచిపెట్టినది నా చేతిమీదుగా బయటపడుతుంది.

ఇంటికి రాగానే గదిలోకి వెళ్లి ట్యూనరు తగిలించాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు, లోపలికి రాలేదు.

దించాను. ఎర్ర. ఇంకొంచెం. డీ, ఊచల గుర్తు. పచ్చ. రెండోది. మూడోది దించుతుంటే ఎక్కువ దిగింది, మళ్లీ ఎక్కించాను. నాలుగోది. మొదటికొచ్చేసరికి మొదటిది మళ్లీ కాస్త కదిలి ఉంది. మళ్లీ చూశాను. నిజమే, నిలవదు.

నాలుగూ పచ్చ. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

"అయిందా?" అన్నారు ఆయన.

"అయింది."

"రేపు నేనూ వస్తాను."

జూన్ 22, ఆదివారం

గిటారుతో పాటు మేమూ వెళ్లాం. పైకి ఇరుకు మెట్లు. గోడలకి పాత పరుపులు, గుడ్డలు కొట్టారు చప్పుడు బయటికి పోకుండా. కొత్తతను మంచివాడే, నా వయసు చూసి లేచి నిలబడ్డాడు. మరల మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు బాబూ, నేను చూస్తాను" అన్నాను.

వ్యానులో కదిలిపోయింది. నా సంచిలోంచి ట్యూనరు తీసి తగిలించి నాలుగూ మళ్లీ చూశాను. అందరూ నా చేతివంక చూస్తున్నారు. ఒకతను పచ్చ పక్కన గుర్తు చూసి "అరే, అర మెట్టు కింద. స్తంభం పెట్టినట్టే" అన్నాడు. "మా ఇంట్లో ఇలాగే ఉంటుంది, మీరూ దించుకోండి" అన్నాను. ఆ పిల్ల వంక చూడలేదు. అది తల వంచుకుంది. ఎవరూ ఏమీ అడగలేదు, తమ తమ మరలు తిప్పుకోవడం మొదలుపెట్టారు.

లోపల కూర్చోమన్నారు. వద్దన్నాను. తలుపు వేసుకున్నారు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

మొదలైంది. ముందు డప్పులు, తర్వాత అది. గోడ దాటి, మెట్టు దాటి నా నడుములోకి వచ్చింది. అదే. వంటింట్లో గిన్నెలు వణికించిన శబ్దం. వేలు మారింది, తెలుస్తోంది, అయినా అదే. నేను కొన్న ట్యూనరుతో, నేను తిప్పిన మరలతో, ఎవరో అబ్బాయి చేతితో అదే వస్తోంది. వాడు లేకపోయినా వస్తోంది.

ఆ శబ్దం ఒక్కటి నిలబెడితే వాడిలో కొంతైనా నిలుస్తుందనుకున్నాను. శబ్దం వచ్చేసింది. వాడు ఎక్కడా లేడు. ఇంత స్పష్టంగా లేడని ఆ రోజు కూడా తెలియలేదు నాకు.

పై స్వరం దగ్గరికొచ్చింది ఆ పిల్ల. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అందింది. చీరుకుపోకుండా, తేలిగ్గా అందింది.

ఆయన ముఖం తుడుచుకుని లేచారు. "వెళ్దామా?"

"ఆగండి" అన్నాను. "రెండు పాటలకోసారి చూడాలి."